తాషీకి పది రోజుల కావలి

చదివేవాళ్ళు మన్నించాలి. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి. ఒత్తులు జారిపోతుంటాయి. శ, ష, స ముగ్గురు తోడికోడళ్ళలాగా ఇప్పటికీ నన్ను తికమక పెడుతుంటాయి. ఒక పేజీ రాయడానికి ఒక పూట పడుతుంది. "నేను" అని మొదలుపెడితే చెయ్యి సాగడం లేదు. అందుకని నా సంగతే అయినా, కురుమమ్మ అనే ఒకావిడ సంగతిలాగా రాస్తున్నాను. మా రాత్రిబడి టీచరమ్మ చూసి కొన్ని తప్పులు దిద్దింది. ఇంకా మిగిలినవి నావే.

*

అరవై తొమ్మిదో సంవత్సరం ఎండాకాలం. అశోక్ నగర్‌లో ఒక మేడమీది వాటాలో వీరరాఘవరావుగారు కిరాయికి ఉండేవారు. కురుమమ్మ వాళ్ళింట్లో అంట్లు తోమి బట్టలు ఉతికేది. ఆ పొద్దున ఆయన భార్య అరుంధతమ్మ ట్రంకుపెట్టెలన్నీ వరండాలోకి లాగించింది. ప్రత్యేక రాష్ట్రం కావాలని, ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని ఊళ్ళో రోజు విడిచి రోజు బందులు, ఊరేగింపులు. కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళు కొందరు పిల్లల్ని తీసుకుని కొన్నాళ్ళు సొంతూళ్ళకు వెళుతున్నారు. అరుంధతమ్మ కూడా భర్తతో, పాపతో తెనాలి బయలుదేరింది. మామగారు సూర్యనారాయణమూర్తిగారు మాత్రం రానన్నారు. "ముప్పై ఎనిమిదేళ్ళు బడిపిల్లల మధ్య బతికినవాణ్ణి, నన్నెవరు భయపెడతారమ్మా?" అని చేతికర్ర తీసుకుని పేపరు చదవడానికి గ్రంథాలయానికి వెళ్ళిపోయారు.

పెట్టెల మధ్య తాషి పడుకుని ఉంది. మూరెడు పొడుగు కుక్క. తేనెరంగు జుట్టు వెన్ను మీద పాపిడి తీసినట్టు విడిపోయి, రెండు వైపులా నేలదాకా జారేది. ముక్కు ఒక్కటే నల్లగా బయటికి కనిపించేది. దానికి వారానికోసారి తలంటి, దువ్వి, ముందుజుట్టును రిబ్బనుతో పైకి కట్టడం కూడా కురుమమ్మ పనే. మూడేళ్ళలో అది ఆమె మీద ఒక్కసారి కూడా గుర్రుమన్నది లేదు.

"ఆ కుక్కని అవతలికి జరుపు కురుమమ్మా. రిక్షా వచ్చేసింది."

కురుమమ్మ చేతికి అంటిన బూడిద కొంగుకి తుడుచుకుని, వెనక నుంచి వంగి దాని మెడ కింద చెయ్యి పెట్టింది. వేళ్ళు చెవికి తగిలాయి. అంతే, జుట్టంతా ఒక్కసారి గిర్రున తిరిగింది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండలో పళ్ళు దిగాయి.

"అమ్మో! పిచ్చెక్కింది! ఎండలకి దీనికి పిచ్చెక్కింది! పాపని ఇటు రానివ్వకండి!" అని అరుంధతమ్మ కుర్చీ ఎక్కింది.

కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు మెట్ల దగ్గరికి వచ్చి కేకలేశాడు. పెట్టెలు మొయ్యడానికి వచ్చిన రిక్షా మాసయ్య గోనెసంచి దాని మీద వేసి, మూతి బిగించి ఎత్తాడు. అతను చిక్కడపల్లిలో కురుమమ్మ గల్లీలోనే ఉంటాడు.

"మమ్మల్ని స్టేషన్లో దింపి, దీన్ని ఎక్కడైనా దూరంగా వదిలెయ్ మాసయ్యా. మళ్ళీ ఈ గేటు దాటకూడదు" అంది అరుంధతమ్మ.

ఆ హడావుడిలో కురుమమ్మ చెయ్యి ఎవరూ చూడలేదు. ఆమే పంపు కింద పెట్టి బట్టల సబ్బుతో రుద్దుకుంది. రక్తం సన్నగా కారుతూనే ఉంది. మెట్లు దిగుతూ అరుంధతమ్మ వెనక్కి తిరిగి, "నారాయణగూడలో కుక్కకాటుకి సూదులేస్తారు. ఇవాళే వెళ్ళు, మర్చిపోకు" అంది. ఆమె మొహం తెల్లగా పాలిపోయి ఉంది.

*

దవాఖానలో బల్ల మీద పేర్లు రాసుకునే కాంపౌండరు పేరు విఠల్. మనిషి సన్నగా ఉన్నా గొంతు బాజా.

"కరిచిన కుక్క ఏడుంది?"

"లేదు సారూ. సంచిల కట్టి తోలేసిన్రు."

విఠల్ కలం కింద పెట్టాడు. "తోలేసిన్రా? శభాష్! అమ్మా, జర మంచిగ విను. ఆ కుక్క పది దినాలు నీ కండ్ల ముంగట మంచిగుంటే, దానికి పిచ్చి లేదన్నట్టు. నీకూ భయం లేదన్నట్టు. అప్పుడు సూదులు బంద్ చేస్తం. అది కనబడకుంటే పద్నాలుగు సూదులు ఏస్తం, గని నీ మనసుల గుబులు మేం తియ్యలేం. ఏడాది దాకా నీళ్ళ గిలాస చూసినప్పుడల్లా నీకు గదే యాదికొస్తది. పో, సూది ఏసుకొని, పోయి కుక్కను దేవులాడుకో."

సూది బొడ్డు పక్కన వేశారు. ఆ చోటు చింతకాయంత ఉబ్బింది. కడుపు పట్టుకుని, ఎండలో ఆగి ఆగి నడుస్తూ కురుమమ్మ చిక్కడపల్లి రిక్షా అడ్డాకి వచ్చింది. స్టేషను నుంచి తిరిగొచ్చిన మాసయ్య రిక్షాలోనే కాళ్ళు బయటికి పెట్టి నిద్రపోతున్నాడు.

"తమ్మీ! కుక్కనేడ ఇడిచినవ్?"

"దోమలగూడ నాలా కాడ. ఎందుకక్కా, ఇంకో చెయ్యి గూడ ఇస్తవా దానికి?"

"పరాచికాలు వద్దు. నా పానం ఇప్పుడు దాని కడుపుల ఉన్నది. తొక్కు రిక్షా."

నాలా పక్కన కూలిన గోడ ఒకటి ఉంది. మాసయ్య దించిన చోటే, విప్పిన గోనెసంచి మీదే, గోడకి వీపు ఆనించి తాషి కూర్చుని ఉంది. చుట్టూ మూడు ఊరకుక్కలు. ఒక్కొక్కటి దానికి నాలుగింతలుంది. తాషి పారిపోలేదు, మొరగలేదు. ఆ ఒంట్లో పట్టేదేనా అనిపించే గొంతుతో అడుగు నుంచి గుర్రుమంటోంది. అవి ఒక అడుగు ముందుకు వెయ్యడం, రెండడుగులు వెనక్కి పోవడం. మాసయ్య రాయి విసిరి వాటిని తరిమాడు.

కురుమమ్మ దూరంగా గొంతుక్కూర్చుంది. "తాషీ, నేనే. దా."

అది రాలేదు. ముక్కు ఎత్తి గాలి వాసన చూసింది. చాలాసేపు అలాగే ఆలోచించింది. తర్వాత లేచి, ఎవరి తొందరా తనకు పట్టనట్టు మెల్లగా నడిచివచ్చి, ఆమెకు బారెడు దూరంలో కూర్చుంది.

"ఏం నడకక్కా! దేవిడీ బంగ్లల నవాబు లెక్క వస్తున్నది" అన్నాడు మాసయ్య.

*

అశోక్ నగర్‌లో ఇంటి ఓనరు గేటు తియ్యలేదు. మూర్తిగారు ఎంత చెప్పినా, "మీరుండండి మాస్టారూ, ఆ కుక్క మాత్రం వద్దు" అన్నాడు. కురుమమ్మ దాన్ని చిక్కడపల్లిలో తన గదికే తెచ్చుకుంది. ఒక్క గది, ముందు బండలు పరిచిన చిన్న వాకిలి, నాలుగిళ్ళకి ఒక పంపు. తలుపు గొళ్ళేనికి చీర పేలిక కట్టి, రెండో కొస దాని మెడపట్టీకి ముడివేసింది.

"కరిచిన కుక్కకు కాపురం పెట్టినవా వదినే?" అంది పక్కింటి పద్మ, కడవ పంపు కింద పెడుతూ. "నీకు గిట్ల పిచ్చి లేసిందా ఏంది?"

"పది దినాలకు తెలుస్తది, ఎవరికి లేసిందో."

సాయంత్రం మూర్తిగారు చేతికర్ర పొడుచుకుంటూ గల్లీలోకి వచ్చారు. తెల్ల పంచె, పైన కండువా. ఆ రోజుల్లో ఆ పంచెకట్టు చూస్తేనే ఎక్కడివారో తెలిసిపోయేది. గల్లీ మొగలో కూర్చున్న పడుచువాళ్ళు మాటలాపి చూశారు. ఆయన అదేమీ పట్టించుకోక, పద్మ వేసిన ముక్కాలిపీట మీద కూర్చున్నారు. కురుమమ్మ కట్టు చూసి, "నేనుంటే ఈ అన్యాయం జరిగేది కాదమ్మా. కుక్కనే కాదు, నిన్ను కూడా సంచీలో కట్టి పారేసినట్టే చేశారు" అన్నారు. ఆ మాటకి ఆమెకు పొద్దుట్నుంచీ రాని ఏడుపు వచ్చింది.

తర్వాతి రోజూ వచ్చారు, ఆ తర్వాతి రోజూ వచ్చారు. మెల్లగా గల్లీ వాళ్ళు చుట్టూ చేరారు. ఆయన తాషి సంగతులు చెప్పేవారు.

"దీని జాతి పేరు లాసా అప్సో. మంచుకొండల అవతల టిబెట్టు దేశం. అక్కడ బౌద్ధ సన్యాసుల మఠాల్లో పెరిగిన జాతి. గుమ్మం బయట దూడలంత పెద్ద కుక్కల్ని గొలుసులతో కట్టేవారట. లోపల, సన్యాసుల మంచాల దగ్గర ఇవి. బయట కుక్కకి బలం, దీనికి చెవి. కొత్త అడుగు చప్పుడైతే ముందు ఇది మొరిగేది, అప్పుడు అవి లేచేవి."

"కండ్లు కనబడనియ్యని గీ జుట్టెందుకు మాస్టారూ?" అంది పద్మ.

"అక్కడ మంచుగాలి, దుమ్ము. కళ్ళకి తడికె కట్టుకున్నట్టన్నమాట. అది మనల్ని చూస్తూనే ఉంటుంది, మనమే దాన్ని చూడం. ఇంకో సంగతి, దీన్ని అమ్మరు. ఇష్టమైనవాళ్ళకి ఇస్తారు, అంతే. మావాడి స్నేహితుడు డార్జిలింగు దగ్గర మిలిటరీలో ఉన్నప్పుడు ఎవరో ఇస్తే, అతను మావాడికిచ్చాడు."

"గుణమెట్లుంటది?"

"గుణమా? పిలిస్తే రాదు, ఆలోచించుకుని వస్తుంది. కొత్తవాళ్ళు పెట్టింది ముట్టదు. ఆటలు నేర్పితే నేర్చుకోదు. ఒకసారి నమ్మితే మాత్రం వదలదు. మా నాన్నగారు అచ్చం ఇలాగే ఉండేవారు."

గల్లీ అంతా నవ్వింది. గోడకానుకున్న మాసయ్య బీడీ ఆర్పి, "అయ్యా, మేం బెజవాడోళ్ళనే ఈడోళ్ళు కాదు, ముల్కీ కాదంటున్నం. మీరు ఏకంగా తిబ్బత్తు నుంచి తెచ్చిన్రా! దీనికి ముల్కీ సర్టిఫికెటు ఎవడిస్తడు?" అన్నాడు.

పద్మ అతని వైపు గుడ్లురిమింది. మూర్తిగారే ముందు నవ్వారు. "పదిహేనేళ్ళు ఇక్కడుండాలి కదయ్యా. దీనికింకా నాలుగే. సర్టిఫికెటు వచ్చేసరికి ఉద్యోగం కాదు, పెన్షను అడుగుతుంది."

*

నాలుగో రోజుకి కూడా తాషి ఏమీ తినలేదు. పాలు, అన్నం, చివరికి పద్మ తెచ్చిన కోడి ఎముక కూడా వాసన చూసి వదిలేసింది. మొదటి నాలుగు రోజులు కురుమమ్మ అటు తిరిగినప్పుడు నీళ్ళు నాలుగు గతుకులు గతికేది. ఐదో రోజు అదీ మానేసింది. మూతి పక్కన చొంగ కారింది. తల ఒక వైపుకి వాల్చి, ఉండుండి గట్టిగా విదిలిస్తోంది.

పిచ్చికుక్క నీళ్ళు తాగదని గల్లీలో తెలియనివాళ్ళు లేరు. ఆ రోజు బందు. మూర్తిగారు రాలేకపోయారు. పొద్దున తొమ్మిదింటికల్లా మాసయ్య, ఇంకో ఇద్దరు కట్టెలతో వాకిట్లోకి వచ్చారు.

"అక్కా, జరుగు. పిల్లలు తిరిగే గల్లీ ఇది."

కురుమమ్మ గుమ్మంలో నిలబడింది. నాలుగు సూదులతో బిగిసిన కడుపు మీద చెయ్యి ఆనించుకుని, "ఇయ్యాల దాన్ని చంపితే నేను రోజూ చస్త తమ్మీ. పిచ్చితో చచ్చిందా, మీ కట్టెతో చచ్చిందా, నాకెవడు చెప్తడు? ఇంక ఐదు దినాలు. తలుపేసుకుంట. మీ పిల్లలకేమన్నయితే నా మీద ఎయ్యున్రి ఆ కట్టెలు" అంది.

మాసయ్య కట్టె దించాడు. కానీ వెళ్ళలేదు, అక్కడే అరుగు మీద కూర్చున్నాడు.

ఆమె తలుపు వేసుకుని లోపల గోడకానుకుని కూర్చుంది. భయం లేదని కాదు. గ్లాసులో నీళ్ళు చూస్తే విఠల్ అన్న మాట గుర్తొచ్చింది. నీళ్ళు ఎత్తి రెండు గుక్కలు తాగింది. దిగాయి. ఇంకో గుక్క తాగింది.

తాషి మళ్ళీ తల విదిలించింది. ఈసారి సన్నగా మూలిగింది. వెనక కాలితో చెవి గోకబోయి, తాకకుండానే దించేసుకుంది. కురుమమ్మ చూసింది. రెండోసారీ అంతే. ఎడమ చెవే.

ఆమె ముందు నుంచి వెళ్ళింది. చెయ్యి దాని ముక్కు దగ్గర పెట్టి వాసన చూడనిచ్చింది. కట్టు కట్టిన చెయ్యే. అది చాలాసేపు వాసన చూసింది. "చూస్తనే తల్లీ, ముట్టుకోను" అంటూ రెండు వేళ్ళతో జుట్టు పాయ పైకెత్తింది. పైపైన దువ్వినంత మేరా పట్టులా ఉన్న జుట్టు, కింద చెవి దగ్గర అట్టకట్టి ఉంది. లోపల ఎర్రటి పుండు. చీము వాసన, దానితోపాటు ఇంకో వాసన. కొబ్బరినూనె మక్కిన వాసన.

కురుమమ్మ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

వారం వారం తలంటిన తర్వాత, ఎవరూ చెప్పకుండానే, దాని రెండు చెవుల్లోనూ గోరువెచ్చని కొబ్బరినూనె రెండేసి చుక్కలు వేసేది. తన ముగ్గురు పిల్లలకీ అలాగే వేసింది. తనకి తన తల్లి వేసింది. తలంటి చెవిలో నూనె వెయ్యకపోవడమంటే ఆమె దృష్టిలో అన్నం వండి పెట్టకపోవడమే.

తలుపు తీసి, "తమ్మీ, నీ కట్టె పక్కన పెట్టి జర గంప అందుకో" అంది.

రిక్షా తియ్యడానికి లేదు. గంపలో తాషీని పెట్టి, పైన తడిగుడ్డ కప్పి, ఇద్దరూ నారాయణగూడ పశువుల దవాఖానకి నడిచారు. చౌరస్తాలో పడుచువాళ్ళ గుంపు ఎదురైంది. "ఏందమ్మా గంపల? బందని ఎరుక లేదా?" అన్నాడొకడు. "కుక్క, బిడ్డా. పానం బాగలేదు" అంది. అతను గుడ్డ ఎత్తి చూశాడు. తాషి ముక్కెత్తి అతన్ని చూసింది. "జరుగున్రి, జరుగున్రి, కుక్కకు దారియ్యున్రి!" అని అతనే నినాదం ఎత్తుకున్నాడు. గుంపు నవ్వుతూ రెండుగా విడిపోయింది.

డాక్టరు చెవి శుభ్రం చేస్తున్నంతసేపూ మాసయ్య దాని మూతికి గుడ్డ చుట్టి పట్టుకున్నాడు. "నొప్పికి దవడ కదిలించలేక తినలేదు, నీళ్ళు కూడా మింగలేదు" అన్నాడు డాక్టరు. "చెవిలో నూనె ఎవరు పోశారు? ఇది కిందికి వాలే చెవి, పైన ఇంత జుట్టు. గాలాడదు. నూనె లోపలే నిలిచి కుళ్ళింది. ఎవరో గానీ కుక్కని పసిబిడ్డ అనుకున్నారు."

కురుమమ్మ గంపలో తడిగుడ్డ సర్దింది. మాసయ్య ఆమె వైపు చూసి చూపు తిప్పుకున్నాడు.

ఆ సాయంత్రం తాషి నీళ్ళు తాగింది. గిన్నె అడుగు కనిపించేదాకా తాగింది. గల్లీ అంతా వచ్చి, కుక్క నీళ్ళు తాగడాన్ని గుడిలో హారతి చూసినట్టు చూసింది.

*

పదో రోజు విఠల్ సూదుల కాగితం మీద పదో గీత కొట్టాడు. "కుక్క ఎట్లున్నది?"

"పక్కింటోళ్ళ కోడిని తరుముతున్నది సారూ."

"ఇగ నువ్వు రాకు. నీ మొఖం చూసి చూసి యాష్టకొచ్చింది" అని నవ్వాడు. కురుమమ్మ రెండు చేతులూ ఎత్తి ఆయనకి మొక్కింది. మెట్లు దిగి, పంపు దగ్గర ఆగి, దోసిలి పట్టి కడుపునిండా నీళ్ళు తాగింది.

కానీ ఒక మాట లోపల మిగిలిపోయింది. చెవి పుండని మూర్తిగారికి చెప్పింది గానీ, నూనె సంగతి చెప్పలేదు. ఆయన ప్రతి సాయంత్రమూ "నీకు జరిగిన అన్యాయం, నీకు జరిగిన అన్యాయం" అంటుంటే ఆమె తల వంచుకుని వింటూ ఉండేది. చెబితే పని పోతుంది. పెంపుడు జీవిని పాడుచేసిందన్న పేరు అశోక్ నగర్ అంతా పాకుతుంది. ఇంకెవరింట్లో గిన్నె ముట్టనిస్తారు?

పదమూడో రోజు అరుంధతమ్మ తిరిగి వచ్చింది. మూర్తిగారు దవాఖాన చీటీలు చూపించాక ఇంటి ఓనరు గేటు తీశాడు. కురుమమ్మ తాషీని చంకలో పెట్టుకుని మెట్లెక్కింది. అది అరుంధతమ్మని చూసి తోక ఊపింది గానీ, దిగలేదు.

అరుంధతమ్మ లోపలి నుంచి కొత్త చీర తెచ్చింది. ఆకుపచ్చది, పసుపు అంచు. "మామయ్యగారు అంతా చెప్పారు. నేను చేసింది తప్పే కురుమమ్మా. ఇది తీసుకో."

"అమ్మా, నేనొక మాట చెప్త. విన్నాక గూడ ఇయ్యబుద్ధయితే ఇయ్యి."

నిలబడే చెప్పింది. తలంటడం, నూనె, రెండేసి చుక్కలు, డాక్టరు అన్న మాట. "అది ఊకెనే కరవలేదమ్మా. నేను పెట్టిన నొప్పికే నన్ను కరిచింది. అన్యాయం జరిగింది నాకు గాదు."

అరుంధతమ్మ చీర పట్టుకునే నేల మీద కూర్చుంది. "గోరువెచ్చగా వేసేదానివా?" అంది.

"అవునమ్మా."

"నేనూ అంతే." ఆమె తల ఎత్తలేదు. "నువ్వు రాని ఆదివారాలు నేనూ వేసేదాన్ని. మూడు చుక్కలు. మా అమ్మ మాకు అలాగే వేసేది. నువ్వెలాగూ వేస్తున్నావని నాకేం తెలుసు?" ఇంకా చిన్న గొంతుతో అంది, "నిన్ను కరవడానికి ముందురోజు నా మీదా గుర్రుమంది, ఆ చెవి దగ్గరే. ఎవరికీ చెప్పలేదు. అందుకే ఆ వేళ దాన్ని నేను జరపకుండా నిన్ను జరపమన్నాను."

వంటింట్లో పాలు పొంగిన వాసన వచ్చింది. ఇద్దరూ కదల్లేదు.

కురుమమ్మకి కోపం వచ్చింది. పది సూదుల కోపం, కళ్ళదాకా వచ్చింది. తను కూడా ఎనిమిది రోజులు ఇలాగే ఒక మాట దాచి తిరిగిందని గుర్తొచ్చాక, దాన్ని ఎక్కడ దించాలో తెలియలేదు. తాషి చంకలో నుంచి జారి దిగింది. దిగి, ఇద్దరి మధ్యా కూర్చుని, తల విదిలించింది.

"మందు పెట్టే యాళ్ళయింది" అంది కురుమమ్మ. "ఒక్కరితోని కాదమ్మా. ముంగటి నుంచి పట్టుకోవాలె. ముందుగాల పేరు పెట్టి పిలువు. అది సరే అన్నాక చెయ్యి పెట్టు."

"సరే అన్నట్టు ఎలా తెలుస్తుంది?"

"తెలుస్తది. తొందరపడకు."

అరుంధతమ్మ చీర పక్కన పెట్టి, ముందుకి జరిగి, "తాషీ" అని పిలిచింది. అది ఆలోచించింది. ఇద్దరు ఆడవాళ్ళూ కాచుకున్నారు. అప్పుడది లేచి వచ్చి, గడ్డం అరుంధతమ్మ ఒళ్ళో ఆనించి, నొప్పి ఉన్న చెవి కురుమమ్మ వైపుకి తిప్పింది.

ఆ చెవికి నేను ఈనాటికీ దండం పెట్టుకుంటాను.

కురుమమ్మ, డెబ్బై రెండేళ్ళు. ఇప్పుడు ఉండేది రామంతపూర్‌లో, చిన్నకూతురి ఇంటి వెనక గదిలో.